బ్రేకు బోల్టులకు సేఫ్టీ వైరు: ఎక్కడ కట్టాలి, ఎలా కట్టాలి

బోల్టు తలలోని రంధ్రం గుండా సన్నని స్టీలు తీగను దూర్చి, రెండు కొసలనూ కలిపి పురి వేసి, పక్క బోల్టుకో కదలని మరో భాగానికో కట్టివేయడాన్ని సేఫ్టీ వైరింగ్ అంటారు. విమానాల మరమ్మతు చేసేవారు దీన్నే లాక్ వైరు అని కూడా పిలుస్తారు. రేసు కార్ల బ్రేకుల్లోనూ, కొన్ని పాత కార్ల బ్రేకుల్లోనూ ఇది కనిపిస్తుంది. పని చిన్నదే గాని, లాగుడు దిశ తప్పితే ఆ తీగ ఉన్నా లేనట్టే. నిజానికి లేకపోవడం కన్నా అది ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే తీగ కనబడగానే తనిఖీ చేసే మనిషి ఆ బోల్టు సంగతి మరిచి ముందుకు వెళ్లిపోతాడు.

తీగ చేసే పని, చేయలేని పని

బోల్టును నిర్ణీత టార్క్‌కు, అంటే తిప్పే బలానికి, బిగించినప్పుడు దాని కాడ అతి స్వల్పంగా సాగుతుంది. అలా సాగిన కాడ స్ప్రింగులాగా వెనక్కి లాగుతూ రెండు భాగాలనూ ఒకదానికొకటి అదిమిపెడుతుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ పుట్టే బలాన్ని నిజంగా మోసేది ఈ అదుముడే. జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ప్రచురించిన పరిశోధనలో చూపినట్టు, కలిపి బిగించిన రెండు భాగాలు అడ్డంగా అటూ ఇటూ జారడం మొదలైతే మరల మధ్య ఘర్షణ తగ్గిపోయి, ఎవరూ తిప్పకుండానే బోల్టు వెనక్కి తిరుగుతుంది. బ్రేకులో అటువంటి జారుడుకు కారణాలు చాలినన్ని ఉన్నాయి. చక్రం అదురుతుంది, డిస్కు మీద బలం వచ్చి పోతూ ఉంటుంది, వేడెక్కినప్పుడు డిస్కు మధ్యలో ఉండే అల్యూమినియం హ్యాట్ పోత ఇనుప డిస్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది.

ఈ పరిస్థితిలో సేఫ్టీ వైరు చేసేది ఒక్కటే: బోల్టు వెనక్కి తిరగకుండా ఆపడం. పోయిన అదుముడును అది తిరిగి తీసుకురాలేదు. తక్కువ టార్క్‌కు బిగించిన బోల్టుకు ఎంత అందంగా తీగ కట్టినా ఆ బోల్టు వదులు బోల్టే. కాకపోతే అది పూర్తిగా ఊడి, ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపరుకూ చక్రానికీ మధ్య పడకుండా తీగ కాపాడుతుంది, ఈలోగా బయటపడే శబ్దమో అదురో డ్రైవరును హెచ్చరిస్తుంది. అందుచేత తీగ పని ఎప్పుడూ టార్క్ రెంచి పని ముగిశాకే మొదలవుతుంది.

ఏ బోల్టులకు కట్టాలి

సాధారణ రోడ్డు కారులో క్యాలిపర్ బోల్టులకు కంపెనీ వారు తీగ కట్టరు. సరైన టార్క్, కొన్నిచోట్ల మరలకు పూసిన జిగురు, కొన్నిచోట్ల ఒక్కసారి మాత్రమే వాడవలసిన కొత్త బోల్టు అక్కడ సరిపోతాయి. రోజూ ఆఫీసుకు వెళ్లే కారు బోల్టులకు డ్రిల్లు పెట్టి తీగ కట్టుకోవాలన్న ఉత్సాహాన్ని నేను ఎవరిలోనూ ప్రోత్సహించను. ఆ శ్రద్ధను టార్క్ రెంచి మీద పెడితే మేలు.

కంపెనీయే తీగ కట్టి పంపిన కార్లూ ఉన్నాయి. 1961లో ఈ-టైప్, మార్క్ 10 కార్లతో మొదలైన జాగ్వార్ వెనుక సస్పెన్షన్‌లో బ్రేకు డిస్కులు చక్రాల దగ్గర కాకుండా కారు మధ్యలో, వెనుక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌కు ఇరువైపులా ఉంటాయి. అక్కడి క్యాలిపర్ బోల్టుల తలలకు రంధ్రాలు చేసి లాక్ వైరు కట్టేవారు. ఆ బోల్టు వదులైతే బయటి నుంచి కంటికి కనబడదు, చేతికి సులువుగా అందదు. కనుక అక్కడ తీగకు అర్థం ఉంది. అటువంటి కారును బాగు చేసేవారు పాత తీగ తీసేసి కొత్త బోల్టులు వేసేటప్పుడు రంధ్రం ఉన్న బోల్టులనే వేసి, తిరిగి తీగ కట్టి తీరాలి.

రెండో చోటు, నేటికీ ఎక్కువగా ఎదురయ్యేది, రెండు ముక్కల డిస్కు. రుద్దుకునే ఇనుప వలయాన్ని వేరుగా, మధ్యలోని అల్యూమినియం హ్యాట్‌ను వేరుగా చేసి బోల్టులతో కలుపుతారు. విల్‌వుడ్ వంటి తయారీదారులు ఈ బోల్టుల్లో కొన్నిటిని తలలో రంధ్రాలతోనే అమ్ముతారు, 0.032 అంగుళాల స్టెయిన్‌లెస్ తీగ కట్టమని తమ సూచనల్లో చెబుతారు.

మూడోది మన ఇంజనీరింగ్ విద్యార్థులకు నేరుగా సంబంధించినది. కోయంబత్తూరులోని కారి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్ వంటి పోటీలకు ఆంధ్ర, తెలంగాణ కళాశాలల జట్లు కూడా కార్లు కడుతుంటాయి. ఫార్ములా స్టూడెంట్ తరహా నియమాల ప్రకారం బ్రేకు, స్టీరింగు, సస్పెన్షన్, సీటు బెల్టులకు సంబంధించిన కీలకమైన బోల్టులన్నిటికీ కంటికి కనబడే లాకింగ్ ఉండాలి. సరిగా కట్టిన సేఫ్టీ వైరు, కాటర్ పిన్ను, వేడి తగలని చోట నైలాన్ లాక్ నట్టు చెల్లుతాయి. జిగురు గాని స్ప్రింగ్ వాషరు గాని చెల్లవు. డిస్కు దగ్గర వేడికి నైలాన్ నిలవదు కాబట్టి, నట్టు పెట్టే వీలు లేకుండా నేరుగా మరల్లోకి దిగే బోల్టులకు చివరికి మిగిలే మార్గాల్లో ముఖ్యమైనది తీగే.

బ్రేకు ద్రవం వెళ్లే బోలు బోల్టుకూ, క్యాలిపర్ రెండు సగాలనూ కలిపి ఉంచే బోల్టులకూ మాత్రం ఇంట్లో డ్రిల్లు పెట్టవద్దు. మొదటిదానిలో రంధ్రం కొంచెం లోతు తప్పినా ద్రవం కారుతుంది. రెండోదాన్ని కదపడమే తయారీదారు వద్దనే పని.

తీగను ఎంచుకోవడం

బ్రేకు పనికి కావలసినది మెత్తబరచిన స్టెయిన్‌లెస్ స్టీలు తీగ, 302 లేదా 304 రకం. మందం 0.032 అంగుళం, అంటే సుమారు 0.8 మి.మీ. విమాన విడిభాగాల దుకాణాల్లో ఇది ఎంఎస్ 20995 ప్రమాణానికి చెందిన సీ32 పేరుతో డబ్బాల్లో దొరుకుతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి హార్డ్‌వేర్ బజారులో అడిగితే మాత్రం గేజీ లెక్కలోనే మాట్లాడతారు, అక్కడే చిక్కు వస్తుంది. బ్రిటిష్ గేజీలో 0.032 అంగుళం అంటే 21వ నంబరు, అమెరికన్ గేజీలో అదే మందం 20వ నంబరు. అమెరికన్ వీడియో చూసి వచ్చి ‘20 గేజీ’ అని అడిగితే చేతికి వచ్చేది 0.036 అంగుళాల తీగ కావచ్చు. నంబరు మీద ఆధారపడకుండా వెర్నియర్‌తోనో మైక్రోమీటరుతోనో మందం కొలిచి తీసుకోవాలి.

మందం సరిపోయినా రకం తప్పవచ్చు. స్ప్రింగుల కోసం గట్టిగా లాగి చేసిన స్టెయిన్‌లెస్ తీగ పురికి లొంగదు, వదిలేస్తే వెనక్కి విచ్చుకుంటుంది. శ్లాబు కడ్డీలు కట్టే బైండింగ్ వైరు పురికి చక్కగా లొంగుతుంది గాని తుప్పు పడుతుంది, బలం తక్కువ. బ్రేకు మీద దానికి చోటు లేదు. ఒక చిన్న పరీక్ష చెబుతాను. అయస్కాంతానికి తీగ టక్కున అతుక్కుంటే అది ఇనుము. కొద్దిగా ఆకర్షించబడితే గట్టిగా లాగిన స్టెయిన్‌లెస్ కావచ్చు. దాదాపు ఆకర్షణే లేకుండా, వేలితో వంచితే వంగినచోటే ఉండిపోతే మనకు కావలసినది దొరికినట్టే.

ఒకసారి వాడిన తీగను తిరిగి వాడకూడదు. ఈ రకం స్టీలు వంచిన కొద్దీ గట్టిపడి పెళుసుబారుతుంది, రెండోసారి పురి వేస్తే ఎక్కడ విరుగుతుందో చెప్పలేము.

పనిముట్లు

సేఫ్టీ వైరు ప్లయర్లు కొంటే పని వేగంగా, పురి సమానంగా వస్తుంది. వీటి దవడలు తీగను పట్టుకుని లాక్ అవుతాయి, వెనుక ఉన్న గుండును లాగితే ప్లయరు మొత్తం గిరగిరా తిరుగుతుంది. అవి లేకపోతే మామూలు ప్లయరుతో చేతితో తిప్పినా ఫలితం అంతే బాగుంటుంది, కాకపోతే ఓపిక కావాలి. వీటితోపాటు పదునైన సైడ్ కట్టరు, టార్క్ రెంచి, స్కేలు, కళ్లద్దాలు ఉండాలి. కళ్లద్దాలు తప్పనిసరి: కత్తిరించిన తీగ ముక్క ఎటు ఎగురుతుందో ఎవరికీ తెలియదు.

బోల్టు తలకు రంధ్రం చేయడం

రంధ్రంతో వచ్చిన బోల్టు దొరికితే అదే కొనండి. దొరకనప్పుడు, అదీ తయారీదారు గాని పోటీ నియమాలు గాని అనుమతించినప్పుడు, సొంతంగా చేసుకోవచ్చు. 8.8 తరగతి (ఈ అంకె బోల్టు బలాన్ని చెబుతుంది) బోల్టు డ్రిల్లుకు సులువుగానే లొంగుతుంది. 10.9 తరగతి కాఠిన్యం రాక్‌వెల్ సీ కొలతలో 32 నుంచి 39 వరకు ఉంటుంది. 12.9 తరగతిది 39 నుంచి 44. ఈ చివరి రకంలో సన్నని బిట్లు విరగడం మామూలే కనుక నాలుగైదు బిట్లు దగ్గర పెట్టుకుని కూర్చోవాలి.

మామూలు హైస్పీడ్ స్టీలు బిట్టు కాకుండా కోబాల్టు కలిసినది, 1/16 అంగుళం, అంటే సుమారు 1.6 మి.మీ. మందమున్నది తీసుకోండి. బోల్టును బెంచ్ వైస్‌లో నేరుగా బిగించకుండా, మరలు చెడకుండా అల్యూమినియం ముక్కల మధ్య పట్టించాలి. ఆరు పలకల తలలో ఒక పలక మధ్యన సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టి, ఎదుటి పలక వరకు నేరుగా రంధ్రం వేయాలి. రంధ్రం తల ఎత్తులో సగానికి గాని ఇంకొంచెం పైకి గాని ఉండాలి. తల అడుగుభాగం కాడను కలిసే మూలలోనే బోల్టు మీద ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది కనుక ఆ మూలకు రంధ్రం దూరంగా ఉండాలి, కాడకు అసలు తగలకూడదు. ఆలెన్ తల బోల్టయితే పని సగమే, బయటి గోడ నుంచి లోపలి గుంట వరకు ఒకవైపు, తిరిగి ఎదుటి గోడకు మరోవైపు వేస్తే సరిపోతుంది.

చేతి డ్రిల్లుతో ఈ పని చేయవచ్చని చెప్పేవారున్నారు. నేను నిలువు డ్రిల్లింగ్ మెషినునే నమ్ముతాను, ఎందుకంటే సన్నని బిట్టు కొంచెం వంగినా విరిగి, ఆ ముక్క రంధ్రంలోనే ఇరుక్కుంటుంది. కటింగ్ ఆయిలు చుక్కలుగా వేస్తూ, నిమిషానికి 1500 నుంచి 2000 తిరుగుళ్ల వేగంతో, ఒక్కో మిల్లీమీటరుకూ బిట్టును పైకి లేపి పొట్టు బయటకు వచ్చేలా చూస్తూ వెళ్లాలి. రంధ్రం అవతలికి దూసుకు వచ్చే క్షణంలో చేతి బరువు తగ్గించాలి, ఎక్కువ బిట్లు విరిగేది అక్కడే. పూర్తయ్యాక రెండు మూతుల దగ్గరా పెద్ద బిట్టును చేత్తో తిప్పి అంచులు నునుపు చేయాలి. వాడి అంచు ఉంటే అది తీగను రోజుకింత కోసుకుంటూ పోతుంది.

బిగింపు, రంధ్రాల అమరిక

తయారీదారు చెప్పిన టార్క్‌కు, చెప్పిన జిగురు పూసి, ఎదురెదురు బోల్టులను దశలవారీగా బిగించండి. అన్నీ అయ్యాక రంధ్రాలు ఎటు చూస్తున్నాయో గమనించండి. చాలా సందర్భాల్లో ఒకటి రెండు బోల్టుల రంధ్రాలు తీగకు అనుకూలం కాని దిక్కున నిలుస్తాయి. రంధ్రం కోసం బోల్టును కొద్దిగా వెనక్కి తిప్పాలని అనిపిస్తుంది, అది ఎంతమాత్రం చేయకూడదు. నిర్ణీత టార్క్ దాటి ముందుకు తిప్పడం కూడా తప్పే. సూచనల్లో టార్క్ ఇంతనుంచి ఇంతవరకు అని పరిధి ఇస్తే ఆ పరిధిలోపల ముందుకు తిప్పుకోవచ్చు. అది కుదరకపోతే ఆ బోల్టును తీసి వేరే బోల్టుతో మార్చండి, మర మొదలయ్యే చోటు ఒక్కో బోల్టులో ఒక్కో విధంగా ఉండడంవల్ల రంధ్రం వేరే దిక్కుకు వచ్చి నిలుస్తుంది. పన్నెండు మూలల తలల్లో రంధ్రాలు ఎక్కువగా ఉంటే ఈ బాధ తక్కువ.

దిశ

ఈ భాగాన్ని నిదానంగా చదవండి. మామూలు కుడి మర బోల్టు సవ్యదిశలో తిరిగితే బిగుస్తుంది. తీగ లాగుడు బోల్టును ఎప్పుడూ ఆ బిగిసే దిశకే తిప్పేలా ఉండాలి.

రెండు బోల్టులు పక్కపక్కన, ఒకటి ఎడమన, ఒకటి కుడిన ఉన్నాయనుకుందాం. చూసేది బోల్టు తల వైపు నుంచి. ఎడమ బోల్టును ఒక గడియారంగా భావించండి. తీగ దాన్ని కుడివైపుకు లాగుతుంది. ఆ లాగుడు గడియారం పైభాగంలో పడితే బోల్టు సవ్యదిశకు తిరుగుతుంది, కింది భాగంలో పడితే అపసవ్యదిశకు తిరిగి వదులవుతుంది. కనుక తీగ ఎడమ బోల్టును పై అంచు నుంచి విడిచిపెట్టాలి. కుడి బోల్టు విషయంలో లాగుడు ఎడమవైపుకు ఉంటుంది కాబట్టి తీగ దాని కింది అంచు దగ్గర చేరాలి. ఫలితంగా తీగ ఎడమ బోల్టు పైనుంచి కుడి బోల్టు కిందికి ఏటవాలుగా దిగుతుంది. రెండు తలలకూ ఒకే పక్కన, అంటే రెండిటికీ పైనే గాని కిందనే గాని, సమాంతరంగా సాగిన తీగ కనబడితే అందులో ఒక బోల్టు తప్పుగా కట్టబడినట్టే.

నేను కొత్తలో ఒకసారి కారు కింద పడుకుని, మరలు బయటికి వచ్చిన వెనుక వైపు నుంచి చూస్తూ లెక్క వేసుకున్నాను. వెనుక నుంచి చూస్తే సవ్యం అపసవ్యమైపోతుంది. నాలుగు జతలు చక్కగా కట్టి, ముందుకు వచ్చి చూసుకుని, నాలుగూ కత్తిరించాను. అప్పటి నుంచి పని మొదలుపెట్టేముందు ప్రతి బోల్టు తల మీద బిగిసే దిశను మార్కరుతో బాణంగా గీస్తున్నాను.

కట్టే క్రమం

ఉదాహరణగా 7 అంగుళాల వృత్తం మీద 8 బోల్టులు ఉన్న హ్యాట్‌ను తీసుకుందాం, ఇది రేసు డిస్కుల్లో బాగా వాడుకలో ఉన్న అమరిక. పక్కపక్క బోల్టుల మధ్య దూరం సుమారు 68 మి.మీ. వస్తుంది. రెండేసి బోల్టులను ఒక జతగా కట్టితే నాలుగు జతలవుతాయి. మూడేసి కలిపి కట్టడానికి విమాన పద్ధతుల్లో అనుమతి ఉన్నా, జతలే మేలని నా అభిప్రాయం: ఒక తీగ తెగితే రెండు బోల్టులే అనాథలవుతాయి. డిస్కును బల్లమీద పెట్టి, కట్టబోయే జత మీకు ఎదురుగా అడ్డంగా వచ్చేలా తిప్పుకోండి.

మొదట 300 మి.మీ. పొడవు తీగను కత్తిరించండి. దాన్ని వేళ్ల మధ్య లాగి చూసి, గాటు గాని మడత గాని ఉంటే పక్కన పడేయండి.

రెండో పని, తీగను ఎడమ బోల్టు రంధ్రంలో దూర్చి సగం అటు, సగం ఇటు ఉండేలా లాగడం. ఆ రంధ్రం కుడి మూతి గడియారంలో రెండు గంటల దగ్గర ఉంటే అది చాలా మంచి స్థానం, పన్నెండుకూ మూడుకూ మధ్య ఎక్కడున్నా పరవాలేదు, మూడు దాటి కిందికి పోతే ఆ రంధ్రం పనికిరాదు. రెండు గంటల దగ్గర బయటికి వచ్చిన కొస నేరుగా కుడి బోల్టు వైపు చూస్తుంది. ఎదుటి మూతి నుంచి, అంటే ఎనిమిది గంటల దగ్గర, వచ్చిన కొసను తొమ్మిది, పన్నెండు మీదుగా తల చుట్టూ తిప్పి మొదటి కొస దగ్గరికి తీసుకురండి. ఈ చుట్టు మొదటి కొసకు కిందుగా, తల అడుగుకు దగ్గరగా పోవాలి. అప్పుడే అది తల మీది నుంచి పైకి జారిపోదు.

మూడోది పురి. రెండు కొసలనూ వేళ్లతో గట్టిగా లాగి పట్టుకుని, తలకు ఆనుకునే మొదటి పురి పడేలా ఒకటి రెండుసార్లు చేతితో తిప్పండి. ఆ తరువాత ప్లయరు దవడలను కుడి బోల్టు రంధ్రం దాకా కొలిచి, రంధ్రానికి 3 మి.మీ. ఇవతల పురి ఆగేలా పట్టించండి. ప్లయరు పళ్లు తీగను గాటు పెడతాయి, అందుకే పట్టిన చోటు తరువాత తల చుట్టూ వచ్చే భాగంలో పడకుండా, వీలైతే కత్తిరించి పారేసే కొసల మీదే పడేలా చూడాలి. ఇది చేతితో వేసే పురిలో సులువు, ప్లయరుతో కొంచెం కష్టం. లాగుతూ తిప్పండి. ఈ మందపు తీగకు అంగుళానికి 6 నుంచి 8 పురులు సరైనవి. అమెరికా ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ మరమ్మతు సూచిక ఏసీ 43.13-1బి చెప్పే లెక్క కూడా ఇదే. మన ఉదాహరణలో తలల మధ్య మిగిలే సుమారు 55 మి.మీ.లో 13 నుంచి 17 పురులు పడతాయి. తక్కువైతే తీగలు విడివిడిగా ఊగుతాయి, ఎక్కువైతే స్టీలు గట్టిపడి అదురుకు విరుగుతుంది. ఎక్కువ పురి వేస్తే ఎక్కువ భద్రత అనుకోవడం కొత్తవారి అలవాటు.

నాలుగోది కుడి బోల్టు. పురి తాడు ఆ తలకు ఎనిమిది గంటల దగ్గర చేరుతుంది. ఒక కొసను అక్కడి రంధ్రంలో దూర్చి రెండు గంటల దగ్గర బయటికి లాగండి. ప్లయరుతో గట్టిగా లాగితే మధ్యనున్న పురి బిగువుగా నిలబడాలి. రెండో కొసను ఏడు, ఆరు, నాలుగు మీదుగా తల కింది పక్కనుంచి చుట్టి రెండు గంటల దగ్గర మొదటి కొసను కలపండి. ఇక్కడ కూడా చుట్టు తల అడుగుకు దగ్గరగానే ఉండాలి.

చివరిది తోక. కలిసిన రెండు కొసలకు మొదటి పురికి వ్యతిరేక దిశలో పురి వేస్తే చుట్టు కిందికి లాగబడి కుదురుగా కూర్చుంటుంది. 3 నుంచి 6 పురులు చాలు, పొడవు 6 నుంచి 12 మి.మీ. మధ్య ఉండాలి. మిగతాది కత్తిరించేటప్పుడు తెగే ముక్కను వేళ్లతో పట్టుకోండి. ఆపై తోకను ప్లయరుతో వెనక్కి, బోల్టు తల వైపుకు మడిచి, వాడి మొన లోపలికి పోయేలా నొక్కండి. మడవని తోక తరువాతి మనిషి వేలిని తప్పకుండా చీలుస్తుంది. తిరిగే డిస్కు మీద అయితే తోకను ఇరుసు వైపుకే మడవాలి, బయటికి చూస్తూ ఉంటే తిరుగుడు వేగానికి అది తెరుచుకుంటుంది.

ఒంటరి బోల్టు

క్యాలిపర్ బ్రాకెట్ దగ్గర జత దొరకని బోల్టు ఒక్కోసారి మిగులుతుంది. దాన్ని బ్రాకెట్‌లోనే ఉన్న రంధ్రానికో, బలమైన చెవికో కట్టాలి. దిశ నియమం అదే, రెండో బోల్టు బదులు కదలని చెవి ఉంటుంది, అంతే. బ్రేకు పైపుకు గాని, గాలి తీసే నిప్పిలుకు గాని, సెన్సారు తీగకు గాని కట్టరాదు. దూరం 6 అంగుళాలు దాటితే అక్కడ తీగ పద్ధతి పనికిరాదు, తీగ సాగి బోల్టుకు తిరిగే చోటు ఇస్తుంది. అటువంటి చోట బోల్టు తల పలకలకు ఆనించి మడిచే రేకు వాషరు వేయడం ఉత్తమం.

తనిఖీ

ముందు దిశ చూడండి: ప్రతి బోల్టును మనసులో వదులు దిశకు తిప్పి, తీగ బిగుస్తుందా సడలుతుందా అని అడగండి. బిగుసుకుంటే సరైనది. తరువాత పురి మధ్యలో వేలితో తేలికగా నొక్కితే కొద్దిపాటి కదలిక మాత్రమే ఉండాలి. వీణ తీగలా మోగేటంత బిగువూ వద్దు, బట్టలారేసే తాడులా వేలాడడమూ వద్దు. తల చుట్టూ ఉన్న భాగంలో గాట్లు లేవని భూతద్దంతో చూడడం మంచిది.

డిస్కును బండికి ఎక్కించాక చక్రం లేకుండా ఒకసారి, చక్రం బిగించి మరోసారి చేతితో పూర్తిగా తిప్పి, తీగ గాని తోక గాని క్యాలిపరుకు, బ్రాకెట్‌కు తగలడం లేదని నిర్ధారించుకోండి. తేలియాడే రకం డిస్కు అయితే, అంటే వేడికి స్వేచ్ఛగా కదలడానికి సందు ఉంచినదైతే, తీగ ఆ కదలికకు అడ్డు రాకూడదు, బోల్టు తలల మధ్యే ఉండాలి. మొదటి పరుగు ముగిసి డిస్కు పూర్తిగా చల్లారాక తీగలన్నీ మళ్లీ చూడండి. మొదట్లో బిగువుగా ఉన్న తీగ సడలినట్టు గాని, ఒకవైపు అతిగా లాగబడినట్టు గాని కనబడితే ఆ బోల్టు తిరగడానికి ప్రయత్నించిందని అర్థం. తీగ మార్చితే సరిపోదు: కత్తిరించి, బోల్టు తీసి, మరలు, జిగురు, హ్యాట్ ఉపరితలం అన్నీ చూసి, కొత్తగా బిగించి, అప్పుడే కొత్త తీగ కట్టాలి.

విప్పడం

తీగ కట్టి ఉండగా బోల్టును రెంచితో తిప్పవద్దు, రంధ్రం అంచు దెబ్బతింటుంది. పురి మధ్యలో సైడ్ కట్టరుతో కత్తిరించి, చుట్టును విప్పి, రంధ్రంలోని ముక్కను ప్లయరుతో నేరుగా బయటికి లాగండి. కత్తిరించేటప్పుడు పైన గుడ్డ కప్పితే ముక్కలు ఎగరవు. నాలుగు జతల నుంచి ఎన్ని ముక్కలు వచ్చాయో ఒక డబ్బాలో వేసి లెక్క చూసుకోండి. లెక్క తగ్గితే చక్రం ఎక్కించే ముందే ఆ ముక్కను వెతకాలి, ఎందుకంటే ప్యాడుకూ డిస్కుకూ మధ్య ఇరుక్కున్న అరంగుళం తీగ డిస్కు మీద గాడి తీయడానికి చాలినంత గట్టిది.